హౌస్‌బోట్ వెనక మెట్టు: జనరేటర్ ఆన్‌లో ఉంటే ఎవర్నీ కూర్చోనివ్వకండి

ఫీనిక్స్ నుంచి నాలుగు తెలుగు కుటుంబాలం కలిసి అమెరికాలో అరిజోనా-యూటా సరిహద్దు లోయల్లో ఉన్న లేక్ పొవెల్ సరస్సులో హౌస్‌బోట్ తీసుకున్నాం. రెండో రోజు ఏసీకి, రైస్ కుక్కర్‌కి జనరేటర్ వేశాం. మా బావమరిది వెనక స్విమ్ ప్లాట్‌ఫాం, అంటే నీళ్లలోకి దిగే మెట్టు మీద నీళ్లలో కాళ్లు పెట్టుకుని కూర్చున్నాడు. అరగంటకి లోపలికొచ్చి "బావా, తల పగిలిపోతోంది, వాంతి వచ్చేట్టుంది" అన్నాడు. ఎండదెబ్బ అనుకుని మజ్జిగ ఇచ్చాం. మా ఆవిడ కోవిడ్ నాటి ఆక్సీమీటర్ తీసి వేలికి పెట్టింది. 98. హమ్మయ్య అనుకున్నాం.

అక్కడే పప్పులో కాలేశాం. కార్బన్ మోనాక్సైడ్ పట్టిన రక్తాన్ని కూడా ఆ మామూలు ఆక్సీమీటర్ ఆక్సిజన్ పట్టిన రక్తంగానే లెక్కేస్తుంది. ఈ గ్యాస్‌కి రంగూ వాసనా లేవు. హిమోగ్లోబిన్‌ని ఆక్సిజన్ కంటే 200 రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. తలుపులు మూసి కుంపటి పెట్టుకుంటే ప్రాణాలు తీసేది ఇదే. ఆరుబయట కూడా తీస్తుందంటే మాత్రం ఎవరూ నమ్మరు. ఇదే సరస్సులో 2000 ఆగస్టులో ఇద్దరు చిన్న అన్నదమ్ములు ప్లాట్‌ఫాం కింద ఈదుతూ చనిపోయారు. జనరేటర్ పొగ ఆ ఇరుకులోకే వదులుతోంది. మా బోటులోనూ అంతే, వంగి చూస్తే మెట్టు కిందే నీళ్లు బుడబుడమంటున్నాయి.

అందుకే బోటు చేతికిచ్చేటప్పుడే అడగండి: జనరేటర్ పొగ వెనక్కి పోతుందా, పైకి గొట్టం ఉందా? కార్బన్ మోనాక్సైడ్ అలారం బటన్ మీరే నొక్కి మోగించి చూడండి. ఇంట్లోది కాదు, బోట్లకని చేసిందే ఉండాలి. దాని వెనక రాసిన గడువు తేదీ దాటితే మార్చమనండి.

మేం పెట్టుకున్న రూలు ఒకటే. జనరేటర్ స్విచ్ వేసేవాడు ముందు పిల్లల్ని లెక్కపెట్టాలి. ఇంజిన్ ఊరికే తిరుగుతున్నా వెనక ఎవరూ ఉండకూడదు. ఆపేశాక కూడా మెట్టు కింద గ్యాస్ నిలిచి ఉంటుంది, కాబట్టి ఆ కిందికి అసలు ఈదొద్దు. పక్క బోటుకి కనీసం 20 అడుగుల దూరం ఉంచండి, వాళ్ల పొగ మీ కిటికీలోంచి వస్తుంది. బోటు కదులుతుంటే దాని పొగే వెనక నుంచి లోపలికి లాగుకుంటుంది, ముందు తలుపులు తీసిపెట్టండి. మెట్టు పట్టుకుని వేలాడుతూ నీళ్లలో ఈడ్పించుకునే ఆట ఒకటుంది, కాలిఫోర్నియాలో దాన్ని చట్టమే నిషేధించింది.

తలనొప్పి, వాంతి, కళ్లు తిరగడం కనిపిస్తే ఎండా, బీరా అని వాదించుకోకుండా ఇంజిన్, జనరేటర్ రెండూ ఆపండి. మనిషిని గాలిలోకి తీసుకెళ్లి, అందర్నీ లెక్కపెట్టండి. ఆ లోయల్లో ఫోన్ సిగ్నల్ సరిగా అందదు. బోటు రేడియోలో ఆపదలో పిలిచే 16వ ఛానెల్ పట్టుకోండి. కాస్త తేరుకున్నా ఆసుపత్రికి తీసుకెళ్లాల్సిందే.

ఆ రాత్రి జనరేటర్ వేయలేదు. పై డెక్ మీద చాపలు పరుచుకున్నాం. తెల్లవారుజామున అందరూ దుప్పట్ల కోసం తడుముకున్నారు.