మీ యూనివర్సిటీ ఒప్పందంతో పేపర్‌ను ఓపెన్ యాక్సెస్‌గా ప్రచురించడం ఎలా?

పేపర్‌ను ఎవరైనా ఉచితంగా చదువుకునేలా ప్రచురించడమే ఓపెన్ యాక్సెస్. అందుకు సొంత జేబులోంచి లక్షలు పోయాలని అనుకునే స్కాలర్లు ఇంకా చాలామందే ఉన్నారు. మీరు పేపర్ పంపే జర్నల్ పబ్లిషర్‌తో మీ యూనివర్సిటీకి ప్రచురణ ఒప్పందం ఉంటే సాధారణంగా మీ చేతి నుంచి రూపాయి పడదు. అయితే ఆ ఒప్పందం దానంతటది వచ్చి మీ పేపర్‌కు తగులుకోదు. యూనివర్సిటీ లైబ్రరీలో నేను చూసేది ఈ పనే. ఒప్పందం ఉండి కూడా చందాదారులకే పరిమితమైపోయిన పేపర్లు ఇప్పటికీ నా ముందుకు వస్తూనే ఉంటాయి. వాటిలో చాలావరకు అలా కాకుండా ఆపగలిగినవే. విదేశాల్లో పీహెచ్‌డీ, పోస్ట్‌డాక్ చేస్తున్న మనవాళ్లను దృష్టిలో పెట్టుకుని రాస్తున్నాను. ఇండియా సంగతి కూడా మధ్యలో వస్తుంది.

ఒప్పందం ఏం చేస్తుంది?

పాత పద్ధతిలో లైబ్రరీ చందా కడితే ఆ క్యాంపస్ వాళ్లు మాత్రమే చదువుకునేవాళ్లు. కొత్త ఒప్పందాల్లో చదవడానికీ, ఆ సంస్థ రచయితలు ప్రచురించడానికీ కలిపి ఒకే లెక్క కడతారు. పేపర్ ప్రపంచంలో ఎవరికైనా ఉచితంగా దొరుకుతుంది, బిల్లు సంస్థకు వెళ్తుంది. జర్మనీలో వందలాది సంస్థలు 'డీల్' పేరుతో ఒక్కటై బేరమాడి 2019లో వైలీ, 2020లో స్ప్రింగర్ నేచర్ అనే పెద్ద పబ్లిషర్లతో సంతకాలు చేశాయి. ఆ మొదటి ఒప్పందాల్లో హైబ్రిడ్ జర్నల్లో (చందా పేపర్లూ, ఓపెన్ యాక్సెస్ పేపర్లూ రెండూ వేసేది) వచ్చే ఒక్కో పేపర్‌కు 2,750 యూరోలు, అంటే రెండు లక్షల రూపాయలకు పైమాటే. మరో పెద్ద పబ్లిషర్ ఎల్సెవియర్‌తో బేరం తెగక చాలా జర్మన్ సంస్థలు ఏళ్లపాటు చందాలే వదులుకున్నాయి. 2023లో గానీ అక్కడ ఒప్పందం కుదరలేదు. అమెరికాలో యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియా కూడా 2019 ఫిబ్రవరిలో ఎల్సెవియర్‌తో తెగదెంపులు చేసుకుని, రెండేళ్లు ఓపిక పట్టి 2021 మార్చిలో సంతకం పెట్టింది. ఇంత పట్టుబట్టి సాధించినదాన్ని ఒక ఫారం దగ్గర పోగొట్టుకుంటుంటే ప్రాణం ఉసూరుమంటుంది.

1. కావలసినవి

సంస్థ ఇచ్చిన ఈమెయిల్, ఆర్కిడ్ ఐడీ (సంస్థ మారినా పరిశోధకుడితోనే ఉండే గుర్తింపు నంబరు), మీ లైబ్రరీ వెబ్‌సైట్‌లో ఓపెన్ యాక్సెస్ పేజీ. ఇవి చాలు. పని ల్యాప్‌టాప్‌లోనే చేయండి, ఫోన్‌లో వద్దు.

2. జర్నల్ జాబితాలో ఉందా?

పబ్లిషర్ పేరు చూసి సంబరపడొద్దు, జర్నల్ పేరు వెతకండి. డీల్ ఒప్పందంలో స్ప్రింగర్ జర్నళ్లు ఉన్నాయి కదా అని నేచర్ బ్రాండ్ జర్నళ్లు కూడా అన్నీ వచ్చేస్తాయనుకుంటారు. రావు. పూర్తి ఓపెన్ యాక్సెస్ జర్నళ్లకు కొన్ని ఒప్పందాల్లో డిస్కౌంట్ మాత్రమే ఉంటుంది. కొన్నింటికి ఏడాదికి ఇన్ని పేపర్లనే పరిమితి ఉంటుంది, సంవత్సరం చివరికి వచ్చేసరికి కోటా అయిపోతుంది. అనుమానం ఉంటే లైబ్రరీకి ఒక మెయిల్ పెట్టండి. పేపర్ పంపకముందే పెట్టండి.

3. కరెస్పాండింగ్ ఆథర్ ఎవరు?

ఇక్కడ నిదానంగా చదవండి. దాదాపు అన్ని ఒప్పందాలూ చూసేది కరెస్పాండింగ్ ఆథర్, అంటే జర్నల్‌తో ఉత్తరప్రత్యుత్తరాలు నడిపే రచయిత, ఏ సంస్థలో ఉన్నారనే. ఫస్ట్ ఆథర్ మీరే కావచ్చు, పని మొత్తం మీరే చేసి ఉండొచ్చు, అయినా లెక్కలోకి రాదు.

మనవాళ్ల దగ్గర సమస్య ఎక్కడంటే, గౌరవం కొద్దీ గైడ్ పేరు అక్కడ పెట్టడం మనకు అలవాటు. స్కాలర్ జర్మనీలో ఉంటారు, ఒప్పందం ఆ యూనివర్సిటీది. ఎమ్మెస్సీ నాటి గైడ్ హైదరాబాద్‌లో ఉంటారు. పని కలిసి చేశారు, 'సర్ పేరే పెడదాం' అనుకున్నారు. పబ్లిషర్ సిస్టమ్ హైదరాబాద్ చిరునామా చూసి జర్మనీ ఒప్పందాన్ని అసలు పట్టించుకోదు. ఆమోదం వచ్చాక పేరు మార్చమని అడిగితే పబ్లిషర్లు సాధారణంగా ఒప్పుకోరు. అందుకే డ్రాఫ్ట్ దశలోనే మాట్లాడుకోండి. 'సర్, మా యూనివర్సిటీకి ఈ జర్నల్‌తో ఒప్పందం ఉంది. ఉత్తరప్రత్యుత్తరాలన్నీ నేనే చూసుకుంటాను. నేను కరెస్పాండింగ్ ఆథర్‌గా ఉంటే పేపర్ అందరికీ ఫ్రీగా దొరుకుతుంది' అని చెప్తే కాదనే గైడ్ అరుదు. అయితే ఆ బాధ్యత నిజంగా మీరే మోయాలి. రివ్యూయర్లకు జవాబులు రాయడం, రేపు డేటా ఎవరైనా అడిగితే ఇవ్వడం మీ పనే అవుతుంది. ఫీజు తప్పించుకోవడానికి పేరు అరువిచ్చేవాళ్లను నేను సమర్థించను.

'ఇండియాలో ప్రభుత్వమే జర్నళ్లకు చందా కట్టే వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్ ఉంది కదా, సర్ పేరుతో వెళ్లినా ఫ్రీయే కదా' అని అడుగుతారు. చదివే హక్కు వేరు, ప్రచురించే హక్కు వేరు. 2024 నవంబరులో కేంద్ర కేబినెట్ ఆమోదించిన ఆ పథకం 2025 జనవరిలో మొదలైంది. మూడేళ్లకు 6,000 కోట్ల రూపాయలు కేటాయించారు. 30 పబ్లిషర్ల దాదాపు 13 వేల జర్నళ్లను కేంద్ర, రాష్ట్ర ప్రభుత్వ విద్యాసంస్థలు, పరిశోధన సంస్థలు చదువుకోవడానికి అది ప్రధానంగా ఉద్దేశించింది. మన రాష్ట్ర యూనివర్సిటీల స్కాలర్లకు ఇది చాలా పెద్ద మేలు, అందులో రెండో మాట లేదు. ఎంపిక చేసిన మంచి ఓపెన్ యాక్సెస్ జర్నళ్లలో ప్రచురణకు ఏడాదికి 150 కోట్లు విడిగా పెట్టారు, కానీ దాని దారి వేరు. చందా ఉన్న ప్రతి జర్నల్లోనూ మన పేపర్ ఉచితంగా తెరుచుకుంటుందని దానర్థం కాదు. గైడ్ ఇండియాలో ఉంటే, ప్రచురణ ఖర్చు ఎవరు భరిస్తారో వాళ్ల లైబ్రరీని ముందే అడగండి.

మరో సంగతి ఈమెయిల్. జీమెయిల్‌తో పేపర్ పంపొద్దు. రెండేళ్లలో బయటికొచ్చేస్తాం, ఆ మెయిల్ పోతుంది కదా అని టెన్షన్ పడి జీమెయిల్ ఇస్తారు. పబ్లిషర్లు సంస్థను గుర్తుపట్టడంలో ఆ డొమైన్‌ను కూడా చూస్తారు. తర్వాతి రోజుల కోసం ఆర్కిడ్ ఐడీ ఉంది, సొంత మెయిల్‌ను అక్కడ కలుపుకోండి. యూనివర్సిటీ పేరు కూడా మెనూలో కనిపించినదాన్నే ఎంచుకోండి. డిపార్ట్‌మెంట్ పేరో, పొట్టి పేరో సొంతంగా టైప్ చేస్తే సిస్టమ్ గుర్తుపట్టకపోవచ్చు. రెండు సంస్థల్లో ఉంటే, ఒప్పందం ఉన్న సంస్థను మొదట రాయండి.

4. ఆమోదం తర్వాత వచ్చే ఫారం

పేపర్ యాక్సెప్ట్ అయ్యాక పబ్లిషర్ ఒక లింకు పంపుతారు. ఆ సంతోషంలో గబగబా నొక్కేస్తారు, అక్కడే పప్పులో కాలేస్తారు. 'సబ్‌స్క్రిప్షన్' అన్న ఎంపిక ఖర్చులేనిదిగా కనిపిస్తుంది. దాన్ని నొక్కితే పేపర్ చందాదారులకే పోతుంది. 'ఓపెన్ యాక్సెస్' ఎంచుకుని, ఖర్చు సంస్థ భరిస్తుందన్న మాట తెరపై వచ్చేదాకా ఆగండి. అది రాకుండా క్రెడిట్ కార్డు వివరాలు అడిగితే అక్కడే వదిలేసి లైబ్రరీకి రాయండి. కార్డు మాత్రం బయటికి తీయొద్దు, కట్టిన డబ్బు వెనక్కి రప్పించడం పెద్ద తలనొప్పి.

లైసెన్స్ అడిగితే సీసీ బై పెట్టండి, అంటే మీ పేరు చెప్పి ఎవరైనా పేపర్‌ను వాడుకోవచ్చు. ఇంకోటి వద్దు. బ్రిటన్‌లో యూకేఆర్‌ఐ లాంటి నిధుల సంస్థలు ఎలాగూ అదే కోరతాయి. వ్యాపారానికి వాడొద్దు (ఎన్‌సీ), మార్చొద్దు (ఎన్‌డీ) అనే సీసీ బై ఎన్‌సీ ఎన్‌డీ చూడ్డానికి భద్రంగా అనిపిస్తుంది. కానీ అందులోని ఎన్‌డీ వల్ల మార్చిన రూపాన్ని పంచుకునే వీలుండదు. అనువాదం కూడా ఆ లెక్కలోకే వస్తుంది. వేరుశనగ తెగులు మీద మీరు రాసిన పేపర్‌ను అనంతపురం రైతుల కోసం ఎవరైనా తెలుగులో పెట్టాలనుకుంటే మళ్లీ అనుమతుల కోసం తిరగాలి. పేపర్ తెరిచింది అందరికీ ఉపయోగపడాలనే కదా.

'పరిశోధకులు పేపర్లు పంచుకునే రిసర్చ్‌గేట్ సైట్‌లో పీడీఎఫ్ పెడితే సరిపోదా' అంటారు. పబ్లిషర్ తయారుచేసిన పీడీఎఫ్‌ను అలా పెట్టే హక్కు చాలాసార్లు మీకు ఉండదు. ఆ సైట్‌ మీద పబ్లిషర్లు 2017లోనే కోర్టుకెక్కారు. యూనివర్సిటీ రిపాజిటరీలో (పేపర్లు దాచే ఆన్‌లైన్ భాండాగారం) ఆమోదం పొందిన రాతప్రతి పెట్టడం మంచి పద్ధతే, ఒప్పందం లేనివాళ్లు తప్పక చేయాలి. కానీ చాలా జర్నళ్లు దానికి నెలల తరబడి ఆగాలని షరతు పెడతాయి, పైగా అది తుది రూపం కాదు. ఒప్పందం ఉన్నప్పుడు ప్రచురించిన రోజే అసలు పేపరే అందరికీ దొరుకుతుంటే రెండో దారి ఎందుకు?

5. తెరుచుకుందో లేదో చూసుకోండి

పేపర్ వచ్చిన రోజే క్యాంపస్ వైఫై ఆపేసి, మొబైల్ డేటాతో, లాగిన్ లేకుండా డీఓఐ లింకు (పేపర్‌కు ఇచ్చే శాశ్వత లింకు) తెరవండి. (ఈ ఒక్క పనికీ ఫోన్ వాడండి.) పీడీఎఫ్ దిగాలి, కింద లైసెన్స్ పేరు కనిపించాలి. డబ్బు అడిగితే అదే రోజు లైబ్రరీకి మెయిల్ పెట్టండి. అందులో మాన్యుస్క్రిప్ట్ నంబరు, ఆమోదం వచ్చిన తేదీ, ఫారంలో మీరు ఎంచుకున్నదాని స్క్రీన్‌షాట్ ఉండాలి. ప్రచురించాక మార్చడానికి కొందరు పబ్లిషర్లు ఒప్పుకుంటారు, కానీ ఆలస్యమయ్యేకొద్దీ కష్టం.