థ్రిల్లర్ రాయడం నేర్చుకుందాం – 4: మోగని అలారం

పోయిన పాఠంలో మీ నవలకి ఒక వ్యవస్థని ఎంచుకోమన్నాను కదా, నీళ్లా, రైళ్లా, కరెంటా అని. కరెంటు పట్టుకున్నవాళ్లకి ఈ పాఠం నేరుగా పనికొస్తుంది. మిగతావాళ్లూ చదవండి, పద్ధతి ఒకటే.

ఇలాంటి నవలల మొదటి డ్రాఫ్టుల్లో ఒక సీను దాదాపు తప్పకుండా ఉంటుంది. చీకటి గది, హుడీ వేసుకున్న కుర్రాడు, కీబోర్డు మీద టకటకా వేళ్లు, ఒక్క ఎంటర్ కొట్టగానే నగరమంతా చీకటి. రాస్తున్నప్పుడు భలే సరదాగా ఉంటుంది గానీ చదివేవాడికి టెన్షన్ పుట్టదు, ఎందుకంటే ఆ గదిలో భయపడే మనిషే లేడు. అందుకని ఈసారి విలన్‌ని బయట కూర్చోబెట్టి కంట్రోల్ రూమ్‌లోకి వెళ్దాం.

2003 ఆగస్టు 14, అమెరికాలోని ఒహాయో. మధ్యాహ్నం రెండుంపావు ప్రాంతంలో అక్కడి ఒక విద్యుత్ సంస్థ కంట్రోల్ రూమ్‌లో అలారం సాఫ్ట్‌వేర్ ఆగిపోయింది. అది ఆగిపోయిందని చెప్పడానికి ఇంకో అలారం లేదు. లోపల స్క్రీన్లు ప్రశాంతంగా ఉన్నాయి, బయటేమో 345 కేవీ (3.45 లక్షల వోల్టుల) లైన్లు కిందికి వేలాడి, సరిగ్గా నరకకుండా వదిలేసిన చెట్లకి తగిలి, ఒకదాని వెనక ఒకటి ట్రిప్ అవుతున్నాయి. వాటిలో మొదట ట్రిప్ అయిన లైను మీద దాని సామర్థ్యంలో సగం లోడు కూడా లేదు. సాయంత్రం నాలుగుంపావు అయ్యేసరికి అమెరికా ఈశాన్య, మధ్యపశ్చిమ రాష్ట్రాల్లో, కెనడాలోని ఒంటారియోలో కలిపి సుమారు 5 కోట్ల మందికి కరెంటు పోయింది. ఇందులో విలనే లేడు, చూశారా.

మనకి కావలసింది ఆ మధ్యలోని రెండు గంటలు. పాఠకుడికి తెలుసు, ఆపరేటర్‌కి తెలియదు. ఆ రోజు పక్క సంస్థవాళ్లు ఫోన్ చేసి ఒక లైను ట్రిప్ అయి మళ్లీ కలిసిందే అని అడిగితే, వీళ్ల దగ్గర ఆ జాడే లేదు. దాన్ని ఆధారం చేసుకుని నా నవల కోసం రాసుకున్న ముక్క ఇది:

"సార్, పక్కవాళ్ల ఫోను. మన లైను ఒకటి పడి లేచిందంటున్నారు."
"ఎక్కడ? ఇక్కడేం లేదే."
"అదే చెప్పాను సార్."
"సరే, చూసి చెప్తామను."
ఆయన టీ కప్పు అందుకున్నాడు.

ఇక్కడ అరుపుల్లేవు, ఎర్ర లైట్లు లేవు. "చూసి చెప్తామను" అన్న మాట ఏ ఆఫీసులోనైనా రోజూ వినిపించేదే, కానీ అలారం చచ్చిపోయిందని ముందు పేజీలో చదివినవాడికి అది గుచ్చుకుంటుంది. ఒక్క జాగ్రత్త: ఆయన్ని తెలివితక్కువవాడిగా రాయకండి. ఏళ్ల తరబడి ఆయన నమ్ముకున్న స్క్రీను అది, ఎవరో ఫోన్ చేస్తే దాన్ని ఎందుకు అనుమానిస్తాడు?

టైమ్‌బాంబు కావాలంటే అదీ గ్రిడ్‌లోనే దొరుకుతుంది, ఫ్రీక్వెన్సీ రూపంలో. అంటే కరెంటు సెకనుకి ఎన్నిసార్లు ఊగుతుందో ఆ లెక్క; వాడకానికి సరిపడా కరెంటు తయారవకపోతే అది పడిపోతుంది. 2021 ఫిబ్రవరి 15 తెల్లవారుజామున, గడ్డకట్టే చలిలో, టెక్సాస్ గ్రిడ్‌లో 60 హెర్ట్జ్ ఉండాల్సింది 59.4 కన్నా కిందికి జారి 4 నిమిషాల 23 సెకన్లు అక్కడే ఉండిపోయింది. 9 నిమిషాలు అలాగే ఉంటే చాలా జనరేటర్లు వాటంతటవే విడిపోయి మొత్తం గ్రిడ్ కూలిపోయే ప్రమాదం. కాపాడాలంటే ఒకటే దారి, లోడు తీసెయ్యాలి, అంటే ఆ చలిలో లక్షల ఇళ్లకి కరెంటు కోసెయ్యాలి. ఈ ఒక్క నిర్ణయం మీద మీరు రెండు అధ్యాయాలు రాయొచ్చు. కోత పడే ఏరియాలో ఆపరేటర్ సొంత ఇల్లు ఉందని కూడా పెట్టొచ్చు, కాస్త సినిమాటిక్కే అయినా నాకు అభ్యంతరం లేదు.

విలన్ ఉండి తీరాలంటే ఉక్రెయిన్ సంగతి చూడండి. 2015 డిసెంబర్ 23న కంట్రోల్ రూమ్‌లో ఉన్నవాళ్ల కళ్లముందే స్క్రీన్ మీద మౌస్ బాణం దానంతటదే కదులుతూ బ్రేకర్లు, అంటే లైన్లని కలిపే పెద్ద స్విచ్‌లు, తెరిచి కరెంటు ఆపేసింది. సుమారు 2.25 లక్షల కనెక్షన్లకి సరఫరా ఆగింది. కొన్ని గంటల్లో తిరిగి వచ్చిందంటే, మనుషులు సబ్‌స్టేషన్లకి వెళ్లి చేత్తో బ్రేకర్లు వేశారు కాబట్టి. పాత పద్ధతి తెలిసిన, రిటైర్మెంటుకి దగ్గరపడ్డ లైన్‌మన్ పాత్ర ఒకటి ఇక్కడ మీకోసం రెడీగా ఉంది.

మరీ వివరంగా రాస్తే నవల చెడ్డవాళ్లకి గైడు అయిపోదా అన్న సందేహం న్యాయమైనదే. పైన చెప్పినవన్నీ అధికారిక దర్యాప్తు నివేదికల్లో ఉన్నవే, అవి చాలు. ఊరూ నెట్‌వర్కూ కల్పించుకోండి, దాడి ఎలా జరిగిందో ఒక వాక్యంలో దాటేయండి, దాని దెబ్బకి మనుషులు ఏం చేశారో పది పేజీలు రాయండి. సబ్‌స్టేషన్ గోడ పక్కన నిలబడి ఫోటోలు మాత్రం తీయకండి, పోలీసు స్టేషన్ సీను అనుభవంతో రాయాల్సి వస్తుంది.

ఇక అభ్యాసం. రెండు పేజీల సీను, ఒకే గది, ఇద్దరే ఆపరేటర్లు. ఏదో తేడాగా ఉందని మూడుచోట్ల సూచన రావాలి: ఒకటి ఫోన్‌లో, ఒకటి కిటికీ బయట, మూడోది మీ ఇష్టం. మూడింటికీ వాళ్ల దగ్గర సబబైన సమాధానం ఉండాలి. "అకస్మాత్తుగా" అనే మాట వాడకూడదు. సీను అయిపోయేసరికి కూడా లైట్లు వెలుగుతూనే ఉండాలి, ఆర్పడం వచ్చే పాఠంలో.