ఎండకాలం ముందర ఐస్‌క్రీమ్ డబ్బాల ఎంపిక: చంద్రపూర్, గడ్చిరోలి జిల్లాల దుకాణదారులకు జాగ్రత్తలు

హోలీ దాటిందంటే మహారాష్ట్రలోని చంద్రపూర్, బల్లార్‌పూర్, రాజురాలో ఐస్‌క్రీమ్ గిరాకీ మొదలవుతుంది. మే నెల మధ్యాహ్నాలు 45 డిగ్రీలు దాటే ఊళ్లివి. ఫ్రీజర్ రిపేరుకీ, స్టెబిలైజర్‌కీ అందరూ ముందే తిరుగుతారు కానీ డబ్బాల సంగతి చాలామందికి గుర్తుకు రాదు. నిరుటివే కడిగి మళ్లీ నింపేస్తారు. సగం నష్టం అక్కడే మొదలవుతుంది. ఫ్రీజర్ మైనస్ 18లో ఉన్నా మూత సరిగా కూర్చోని డబ్బాలో సరుకు పాడవుతుంది. అదే నిండుగా నింపి బిగుతుగా మూసిన డబ్బా అయితే గంటసేపు కరెంటు పోయినా తట్టుకుంటుంది. పెండ్లిళ్ల ఆర్డర్లు రాకముందే, అంటే ఫిబ్రవరిలోనే, డబ్బాల లెక్క తేల్చుకోవాలి.

మైనస్ 18లో కూడా ఐస్‌క్రీమ్‌లోని నీళ్లన్నీ గడ్డకట్టవు. చక్కెర కలిసిన నీళ్లు కొంత ద్రవంగానే మిగులుతాయి. డబ్బా మైనస్ 10 దాకా వేడెక్కితే చిన్న మంచు పలుకులు ముందు కరుగుతాయి. మళ్లీ చల్లబడ్డప్పుడు ఆ నీళ్లు ఉన్న పలుకులకే అంటుకుని వాటిని పెద్దవి చేస్తాయి. ఒకసారి పెద్దవైన పలుకు మళ్లీ చిన్నదవదు. అందుకే నాలుగైదు సార్లు కరెంటు పోయి వచ్చిన డబ్బాలో ఐస్‌క్రీమ్ రవ్వరవ్వగా నోటికి తగులుతుంది. డబ్బా గోడకీ సరుకుకీ మధ్య గోరు పట్టేంత సందు కనిపించిందంటే అది కుదించుకుపోయిందని అర్థం. రుచి మారకపోయినా ఆ డబ్బా వేడి తిన్నదని గుర్తుపట్టాలి.

ముందు సైజు, తర్వాతే ప్లాస్టిక్

దుకాణాల్లో ఎక్కువగా జరిగే తప్పు పెద్ద డబ్బా కొనడం. 10 లీటర్ల బకెట్ లీటరు లెక్కన చవకే. కానీ దాని మూత రోజుకు నలభైసార్లు తెరిస్తే, తెరిచిన ప్రతిసారీ 40 డిగ్రీల గాలి లోపలికి పోతుంది. ఆ గాలిలోని తేమ పైపొర మీద మంచుగా పడుతుంది. అడుగున ఉన్న సరుకు బయటికొచ్చేసరికి వారం దాటుతుంది.

తెరిచిన డబ్బా రెండు రోజుల్లో, మించితే మూడు రోజుల్లో ఖాళీ కావాలి. దీన్నే లెక్కగా పెట్టుకోండి. 60 మిల్లీలీటర్ల స్కూపుతో 4 లీటర్ల డబ్బాకు కాగితం మీద 66 స్కూపులు వస్తాయి. చేతితో అదిమి తీస్తాం కాబట్టి నిజానికి 50కి అటూ ఇటూ వస్తాయి. రోజుకు పాతిక స్కూపులు పోయే వెనీలాకు 4 లీటర్ల డబ్బా సరిపోతుంది. రోజుకు ఆరేడు పోయే పిస్తాకు ఒక లీటరు డబ్బా చాలు. అదనంగా కావాలంటే లీటరువే మూతలు తీయకుండా ఫ్రీజర్ అడుగున పెట్టుకోండి. చిన్న డబ్బాలకు ఖర్చు కాస్త ఎక్కువైనా, పారబోసే సరుకుతో పోలిస్తే అది లాభమే.

డబ్బా లోతు కూడా చూడాలి. వెడల్పుగా, లోతు తక్కువగా ఉన్నది తొందరగా గడ్డకడుతుంది కానీ పైభాగం ఎక్కువ కాబట్టి తొందరగా ఎండుతుంది. సన్నగా లోతుగా ఉన్న దాంట్లో మూలల్లోకి స్కూపు అందదు. అక్కడ మిగిలినది రోజుల తరబడి కరిగి గడ్డకడుతూ ఉంటుంది. డిస్‌ప్లే కౌంటర్లకు వచ్చే 5 లీటర్ల స్టీలు పాన్ 36 సెంటీమీటర్ల పొడవు, 16.5 వెడల్పు, 12 లోతు ఉంటుంది. స్కూపుతో తీసి అమ్మేవాళ్లకు ఈ కొలత బాగా కుదురుతుంది. మూలలు గుండ్రంగా ఉన్నవే తీసుకోండి. చదరపు మూలల్లో పాలమడ్డి పేరుకుని వాసన పుడుతుంది.

ఏ సరుకుతో చేసినవి?

డబ్బా అడుగున త్రికోణంలో ఉన్న అంకె చూడండి. 5 అంటే పాలీప్రొపిలీన్, 2 అంటే హెచ్‌డీపీఈ, అంటే గట్టి రకం పాలిథిలీన్. రెండూ ఆహారానికి పనికొచ్చేవే కానీ చలికి ఒకేలా ఉండవు. మామూలు పాలీప్రొపిలీన్ సున్నా డిగ్రీల దగ్గరే పెళుసుబారడం మొదలుపెడుతుంది. మైనస్ 18లో ఉన్న డబ్బా చేయి జారి సిమెంటు నేల మీద పడితే మూల దగ్గర గాజులా చిట్లుతుంది. ఆ ముక్క ఐస్‌క్రీమ్‌లో కలిస్తే కనిపించదు. చలికి తట్టుకునేలా తయారుచేసిన పాలీప్రొపిలీన్ (కోపాలిమర్ రకం) వేరే వస్తుంది. హోల్‌సేలర్‌ను ‘ఫ్రీజర్ గ్రేడ్’ అని పేరు పెట్టి అడగాలి. హెచ్‌డీపీఈకి ఈ బాధ లేదు, ఫ్రీజర్ చలిలో వంగుతుందే తప్ప సులువుగా పగలదు. బండి మీద ఊళ్లకు పంపే సరుకుకు ఇదే మంచిది. కాకపోతే పాలిపోయిన తెలుపుగా కనిపిస్తుంది, అందం తక్కువ.

బిల్లుతోపాటు ఫుడ్ గ్రేడ్ పత్రం కూడా అడగండి. అందులో పాలీప్రొపిలీన్‌కు ఐఎస్ 10910, పాలిథిలీన్‌కు ఐఎస్ 10146 అనే భారత ప్రమాణాల నంబర్లు ఉండాలి. పాత ప్లాస్టిక్ కరిగించి పోసిన నల్లవి, ముదురు రంగువి, పెయింటు బకెట్లు, నూనె డబ్బాలు ఎంత తోమినా ఐస్‌క్రీమ్‌కు వద్దు. పాల కొవ్వు వాసనను పీల్చుకుంటుంది. ప్లాస్టిక్‌లో ఇంకిన పాత వాసన వారంలో సరుకులోకి వచ్చేస్తుంది. ఖాళీ ఐస్‌క్రీమ్ డబ్బాలో చేపలో మాంసమో పెట్టి, కడిగి మళ్లీ ఐస్‌క్రీమ్‌కు వాడే అలవాటు కొన్నిచోట్ల ఉంది. అది ఈ ఏడే మానేయండి. ఇంటి వాడకానికి పోయిన డబ్బా మళ్లీ దుకాణంలోకి రాకూడదు.

స్టీలు కొంటే 304 గ్రేడే కొనాలి. 202 చవకగా దొరుకుతుంది. అందులో నికెల్ తక్కువ, అందుకే ఉప్పు, క్లోరిన్ తగిలితే ముందుగా తుప్పు మరకలు పడేది దానికే. అల్యూమినియం చలిని తొందరగా పట్టిస్తుంది కాబట్టి కుల్ఫీ అచ్చులకు వాడతారు. పాల కుల్ఫీకి పర్వాలేదు. కానీ మామిడి, నారింజ, నిమ్మ కలిపినవి అందులో నిలవ ఉంచితే పులుపు లోహాన్ని తింటుంది, నాలుకకు లోహపు రుచి తగులుతుంది. జింకు పూత బకెట్లు అసలే వద్దు. మట్కా కుల్ఫీ మట్టికుండలు ఒకసారికే. మట్టిలో ఇంకిన పాలు ఏ కడుగుడుకూ పోవు.

పేపర్ కప్పుల దగ్గర చాలామంది మోసపోతారు. టీ కప్పుకు లోపల మాత్రమే పూత ఉంటుంది. ఐస్‌క్రీమ్ కప్పుకు లోపలా బయటా ఉండాలి, లేకపోతే బయట పట్టే తేమకు కాగితం నానిపోయి చేతిలోనే మెత్తబడుతుంది. కొనేముందు కప్పు బయట ఒక నీటిచుక్క వేసి ఐదు నిమిషాలు ఆగండి. చుక్క ముత్యంలా నిలిస్తే మంచిది, ఇంకిపోతే అది టీ కప్పు. ప్లాస్టిక్ చెంచాలు, ప్లాస్టిక్ కప్పులు, ప్లాస్టిక్ పుల్లలు 2022 జులై 1 నుంచి దేశమంతటా నిషేధం. పాత సరుకు మిగిలి ఉంటే ఈ సీజన్‌లో తెరవకండి.

లాటు కొనే ముందు నాలుగు పరీక్షలు

రెండు డబ్బాలు నమూనాగా తెచ్చుకుని ఇంట్లోనే చూసుకోవచ్చు.

ఒకటి, వేడినీళ్లు సగం పోసి మూతపెట్టి పది నిమిషాలు ఉంచండి. మూత తీయగానే ముక్కు దగ్గర పెట్టి చూడండి. కిరోసిన్, రంగు, మందు వాసన వస్తే ఆ లాటు వద్దు.

రెండు, ముప్పావు వంతు నీళ్లు పోసి ఒక పగలూ రాత్రీ ఫ్రీజర్‌లో ఉంచి, నడుము ఎత్తు నుంచి మూల కిందికి వచ్చేలా సిమెంటు మీద వదలండి. నిండా పోయొద్దు. నీళ్లు గడ్డకడితే దాదాపు 9 శాతం ఉబ్బుతాయి, ఆ ఒత్తిడికి పగిలినా తప్పు డబ్బాది అనుకుంటారు.

మూడు, ఆ చల్లటి డబ్బా మూతనే తడిచేత్తో పదిసార్లు తీసి పెట్టండి. డబ్బా ఒక ప్లాస్టిక్, మూత ఇంకో ప్లాస్టిక్ అయితే చలికి ఒక్కోటి ఒక్కోలా కుదించుకుంటాయి. దుకాణంలో బిగుతుగా ఉన్న మూత ఫ్రీజర్‌లో వదులైపోవడం, లేదా చెవి విరిగిపోవడం అందువల్లే.

నాలుగు, మామూలు నీళ్లు పోసి మూసి ఐదు నిమిషాలు తలకిందులుగా పెట్టండి. అంచు గాడి నుంచి చుక్క కారితే గాలి కూడా పోతుంది.

నింపడం, పేర్చడం

ఎండకాలంలో రేకుల గోదాములో ఉన్న డబ్బా పట్టుకుంటే చేయి చురుక్కుమంటుంది. అలాంటి దాంట్లో మెషిన్ నుంచి దిగిన మెత్తటి ఐస్‌క్రీమ్ పోస్తే గోడ చుట్టూ ఒక పొర కరిగిపోతుంది, గడ్డకట్టాక అది మంచు పెంకులా మిగులుతుంది. ఖాళీ డబ్బాలను గంట ముందే ఫ్రీజర్‌లో పెట్టాలి. నింపేటప్పుడు ఒక సెంటీమీటరు వదిలి, నేలకు రెండుసార్లు తట్టి లోపలి గాలి గుంతలు పోగొట్టి, పైన ఫుడ్ గ్రేడ్ బటర్ పేపర్ సరుకుకు అతుక్కునేలా పరిచి మూత పెట్టండి. సగం వాడిన డబ్బాలో కూడా ఆ కాగితం తప్పదు. ఖాళీగా ఉన్న చోటే తేమ మంచుగా మారుతుంది కాబట్టి ఈ చిన్న పని చాలా సరుకును కాపాడుతుంది. అంచు గాడిలో ఐస్‌క్రీమ్ అంటి ఉంటే తుడిచే మూయండి, గడ్డకట్టిన ఆ ముద్ద మూతను వెంట్రుకంత పైకి లేపి ఉంచుతుంది.

కొత్తగా నింపినవాటిని ఒకదాని మీద ఒకటి ఎక్కించకుండా మధ్యలో వేలు పట్టే సందు వదిలి గట్టిపడనివ్వండి. నడిమధ్య మైనస్ 18కి వచ్చాకే దగ్గరగా పేర్చాలి. అప్పుడు సందులు లేకుండా నిండుగా ఉన్న ఫ్రీజరే కరెంటు పోయినప్పుడు ఎక్కువసేపు నిలుస్తుంది. లోపల గీసిన లోడు గీత దాటొద్దు. అద్దం మూత ఫ్రీజర్లలో పైవరస ఎప్పుడూ కాస్త వేడిగానే ఉంటుంది, అక్కడ ఇవాళే అమ్ముడుపోయేవే పెట్టండి.

పెండ్లి ఆర్డర్లు

అల్లాపల్లి మీదుగా సిరొంచ దాకా పంపే సరుకుకు మామూలు ఐసుగడ్డ చాలదు. నీళ్ల ఐసు సున్నా దగ్గర ఉంటుంది, ఐస్‌క్రీమ్‌కు అది వేడే. లీటరు నీళ్లకు 300 గ్రాముల ఉప్పు కలిపి గట్టి హెచ్‌డీపీఈ సీసాల్లో ఐదోవంతు ఖాళీ వదిలి నింపితే అది మైనస్ 21 దగ్గర గడ్డకడుతుంది. కరిగేటప్పుడూ అక్కడే నిలబడుతుంది. ఫ్రీజర్‌ను మైనస్ 24కు దించి రెండు రోజులు ఉంచాలి. మైనస్ 18లో పెడితే ఆ సీసాలు ఎన్నాళ్లయినా గట్టిపడవు. ఊపి చూస్తే లోపల నీళ్లు కదిలాయంటే ఇంకా పనికిరావు. సీసా మీద ‘ఉప్పునీళ్లు’ అని పెద్దక్షరాలతో రాయండి, పెండ్లిలో పిల్లలు తాగేస్తారు.

పఫ్ పెట్టెను (గోడల్లో ఫోమ్ నింపిన, చలిని నిలిపే పెట్టె) కూడా ముందురాత్రే సీసాలతో చల్లబరచాలి. చలి కిందికి దిగుతుంది కాబట్టి సీసాలు పక్కలతోపాటు పైన తప్పక ఉండాలి. 4 లీటర్లవి కాకుండా 1 లీటరు, 2 లీటర్లవి పంపితే వడ్డించేవాళ్లు ఒక్కోటి తీసి అవగొట్టి ఇంకోటి తెరుస్తారు. థర్మాకోల్ పెట్టెలో విడి సరుకు నేరుగా పోయకూడదు.

కడగడం

ముందు చల్లటి నీళ్లతో పాల జిడ్డు వదిలించాలి. వేడినీళ్లు ముందే పోస్తే పాలలోని మాంసకృత్తులు గోడకు పట్టుకుంటాయి. తర్వాత చేతికి ఓర్చుకోగలిగే వేడినీళ్లు, సబ్బు, మెత్తటి బ్రష్. స్టీలు పీచు ప్లాస్టిక్ మీద గీతలు పెడుతుంది, ఆ గీతల్లోకి ఏ మందూ పోదు. చివరికి 5 శాతం హైపోక్లోరైట్ (క్లోరిన్ మందు) లీటరు నీళ్లకు 2 మిల్లీలీటర్లు కలిపి రెండు నిమిషాలు ఉంచి, బోర్లించి ఆరబెట్టండి. గుడ్డతో తుడవొద్దు. లోపల గీతలు తెల్లగా కనిపించే డబ్బా, చెవి విరిగిన మూత, ఎండకు పసుపెక్కినది పక్కన పడేయండి.

లేబుల్ మీద దుకాణం పేరు తెలుగులోనో మరాఠీలోనో వేసుకోవచ్చు. కానీ తప్పనిసరి వివరాలు ఇంగ్లీషులో గానీ దేవనాగరి హిందీలో గానీ ఉండాలి. 14 అంకెల ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ (ఆహార భద్రతా సంస్థ) లైసెన్సు నంబరు, తయారీ తేదీ, బ్యాచ్ నంబరు మరవొద్దు. వనస్పతి కొవ్వుతో చేసిన దాన్ని ‘ఫ్రోజెన్ డెజర్ట్’ అనాలి తప్ప ఐస్‌క్రీమ్ అనకూడదు. బయట నుంచి కొనేవాళ్లు డబ్బాను తూకం వేసి చూసుకోండి. ఐస్‌క్రీమ్ లీటరుకు కనీసం 525 గ్రాములు ఉండాలి. అంటే 4 లీటర్ల డబ్బాలో, డబ్బా బరువు తీసేసి, 2 కిలోల 100 గ్రాములకు తగ్గితే గాలి ఎక్కువ కొట్టినట్టే. అలాంటిది ఎండకు ముందుగా కుంగుతుంది.

పెండ్లి నుంచి మిగిలి తిరిగొచ్చిన డబ్బాల దగ్గర గట్టిగా ఉండండి. మూత తీసి వేలితో నొక్కితే లోపలికి దిగినది, అంచు దగ్గర పాలలా కారినది మళ్లీ ఫ్రీజర్‌లోకి పోకూడదు. గడ్డకడితే చూపుకు బాగానే ఉంటుంది కానీ కరిగి ఉన్న ఆ రెండు గంటల్లో పెరిగిన క్రిములు చలికి చావవు, కొన్ని క్రిములు వదిలిన విషం మళ్లీ మరిగించినా పోదు. కొత్త మిశ్రమంలో కలపడం ఇంకా ప్రమాదం, ఒక డబ్బా దోషం మొత్తం బ్యాచ్‌కు పడుతుంది. ఆర్డరు తీసుకునేటప్పుడే చెప్పండి: మూత సీలు తీయని, రాయిలా గట్టిగా ఉన్న డబ్బాలే వాపసు తీసుకుంటామని.