గాలి లేని సీసాలో అమీన్ల విచ్ఛిన్నం: పరీక్షించే పద్ధతి

ట్రైమిథైలమీన్ (కుళ్లిన చేపల వాసన వచ్చే అమీన్, అంటే నైట్రోజన్ ఉన్న సేంద్రియ సమ్మేళనం) ఉన్న మురుగునీటిని పరీక్షించేటప్పుడు నేను ముందుగా గాలి సంగతే చూస్తాను. సీరం సీసాలో వాయురహిత ట్యాంకు బురద, మురుగునీరు పోసి, నైట్రోజన్ వాయువు పంపి, బ్యూటైల్ రబ్బరు బిరడా బిగించండి. ఆక్సిజన్ ఉందో లేదో రంగుతో చూపే రెసాజురిన్ కొద్దిగా కలపండి. గులాబీ రంగు కనిపిస్తే ఆక్సిజన్ ఇంకా మిగిలినట్టే. ద్రవం రంగు పూర్తిగా పోవాలి. ఇక్కడ తొందర అస్సలు పనికిరాదు.

పీహెచ్ 7 దగ్గర, 35 డిగ్రీల సెల్సియస్ వేడిలో ఉంచండి. బురదలోని మెథనోసార్సినా అనే సూక్ష్మజీవులు (నిజానికి ఇవి బ్యాక్టీరియా కావు, ఆర్కియా అనే వేరే వర్గం) అమీన్‌లోని మిథైల్ సమూహాలను ఒక్కొక్కటిగా విడదీసి మీథేన్ తయారుచేస్తాయి, అమోనియా మిగులుతుంది. దాన్నే కొలవండి. వాసన తగ్గిందని మాత్రం నమ్మకండి, ఆమ్లత పెరిగినా వాసన తగ్గుతుంది.

పోలిక కోసం అమీన్ లేని సీసా ఒకటి తప్పనిసరి, బురద కుళ్లినా అమోనియా వస్తుంది. వేడితో సూక్ష్మజీవులను చంపిన బురదతో మరొకటి పెట్టండి. అందులోనూ అమీన్ తగ్గితే అది బురదకు అంటుకుందేమో చూడాలి.