ఎక్కడో బ్యాంకు మునిగిందంట, మనదాకా వస్తదో లేదో చూస్కోవడం ఎలా

టీవీలో కింద ఎర్ర స్క్రోలింగ్ మొదలవుద్ది, అమెరికాలో బ్యాంకు మూతపడిందనో, ఫలానా దేశం అప్పు కట్టలేనని చేతులెత్తేసిందనో. పది నిమిషాల్లో ఫ్యామిలీ వాట్సాప్ గ్రూపులో బాబాయి బంగారం కొనేయండి అంటాడు, ఇంకెవరో ఎఫ్‌డీలు తీసేయండి అంటారు. రెండూ చెయ్యకండి. ఒక అరగంట కూర్చుని ఆ వార్తని విప్పి చూడండి, దీనికి ఎకనామిక్స్ చదవక్కర్లేదు, మన బెజవాడోళ్లకైతే అసలే అక్కర్లేదు, ఎందుకంటే కాల్ మనీ అంటే ఏంటో మనకి తెల్సినంతగా ఎవరికి తెల్సు చెప్పండి.

2015 డిసెంబర్లో బెజవాడ పరువు తీసిన ఆ కాల్ మనీయే. ఫోన్ కొడితే డబ్బు ఇంటికొస్తది, వాడు ఫోన్ కొట్టినరోజు మొత్తం కట్టాలి. వడ్డీ దారుణమే, కానీ మనిషిని ముంచేది ఆ ఎప్పుడడిగితే అప్పుడు అనే షరతు. తీస్కున్నాయన ఆ డబ్బుని షాపులో సరుకు మీదో, ఊరి చివర స్థలం మీదో పెట్టుంటాడు, అవి సాయంత్రానికల్లా అమ్ముడుపోతాయా? దేశాలు, పెద్ద బ్యాంకులు మునిగేది కూడా చాలాసార్లు ఇట్టాగే, సూటూ బూటూ తేడా అంతే.

అందుకని వార్త చూడగానే మొదట అడగాల్సింది, అప్పు ఎవరిది, ఎప్పటికి తిరిగి కట్టాలి, ఏ కరెన్సీలో కట్టాలి. ఈ మూడూ దొరికితే సగం అర్థమైపోయినట్టే.

థాయిలాండ్ తీస్కోండి. 1990ల్లో అక్కడి బ్యాంకులు, ఫైనాన్స్ కంపెనీలు తక్కువ వడ్డీ అని డాలర్లలో షార్ట్ టర్మ్ అప్పులు తెచ్చి బ్యాంకాక్‌లో బిల్డింగులు కట్టేవాళ్లకి ఇచ్చేశాయి. డాలర్‌కి 25 బాట్ల (బాట్ అంటే వాళ్ల రూపాయి) దగ్గర ప్రభుత్వమే రేటు కట్టేసి ఉంచింది కాబట్టి ఎవరికీ భయం లేదు. ఎగుమతులు మందగించాయి, ఫ్లాట్లు అమ్ముడుపోలేదు, అప్పిచ్చినోళ్లు వెనక్కి అడగటం మొదలెట్టారు, ఆ రేటు నిలబెట్టడానికి సెంట్రల్ బ్యాంకు తన దగ్గరున్న డాలర్లు పోసి పోసి చివరికి 1997 జూలై 2న వదిలేసింది. 1998 జనవరికల్లా డాలర్ 50 బాట్లు దాటింది. అంటే లక్ష డాలర్ల అప్పు 25 లక్షల బాట్ల నుంచి 50 లక్షలకి పోయింది, కొత్తగా ఒక్క రూపాయి అప్పు చెయ్యకుండానే. కాల్ మనీ వాడు ఒకడి దగ్గర ఇరుక్కుంటే మిగతావాళ్లందరికీ ఫోన్లు కొడతాడు కదా, అట్టాగే ఆ అప్పిచ్చినోళ్లు ఇండోనేషియా, కొరియా, మలేషియా వైపు తిరిగారు. ఇండోనేషియాలో 1998 మేలో సుహార్తో దిగిపోవాల్సొచ్చింది, కొరియాలో జనం క్యూలు కట్టి ఇంట్లో బంగారం దేశానికి ఇచ్చారు.

మనకి కాదులే అనుకునేవాళ్లకి 1991 గుర్తుచెయ్యాలి. గల్ఫ్ యుద్ధంతో ఆయిల్ రేటు పెరిగి, మన దగ్గర డాలర్లు రెండు వారాల దిగుమతులకి వచ్చేంతే మిగిలినప్పుడు 47 టన్నుల బంగారం బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండ్, బ్యాంక్ ఆఫ్ జపాన్‌ల దగ్గర తాకట్టు పెట్టాం. ఆ దెబ్బ తర్వాతే మనోళ్లు డాలర్లు దాయడం నేర్చుకున్నారు, ఇప్పుడు ఆ నిల్వ 600 బిలియన్ డాలర్లకి పైనే ఉంది. రిజర్వ్ బ్యాంక్ ప్రతి వారం ఆ లెక్క బయటపెడద్ది, సెన్సెక్స్ చూసి బీపీ పెంచుకునే బదులు అది చూడండి.

ఇంక రెండో పని, ఆ గొడవ మన ఇంటికి ఏ దారిలో వస్తదో చూడటం. ఇక్కడ చాలామంది షేర్ల దగ్గరే ఆగిపోతారు. 2008 సెప్టెంబర్ 15న లేమన్ బ్రదర్స్ దివాలా తీసినప్పుడు మన బ్యాంకుల్లో అమెరికా ఇళ్ల అప్పులు పెద్దగా లేవు, అయినా ఆ ఏడాది జనవరిలో 21 వేలు చూసిన సెన్సెక్స్ అక్టోబర్లో 9 వేల కిందకి జారింది, విదేశీ ఇన్వెస్టర్లకి సొంతూళ్లో డబ్బు అవసరమై ఇక్కడ అమ్ముకుని పోయారు కాబట్టి. ఆ కంపెనీల్లో తప్పుందని కాదు. వచ్చే పదేళ్లకని పెట్టిన సిప్ (నెలనెలా మ్యూచువల్ ఫండులో వేసేది) అయితే దాన్ని ముట్టుకోకండి, అప్పు చేసి కొన్న షేర్లయితే మాత్రం మీరూ కాల్ మనీ బాపతే.

గుంటూరు వాళ్లకి అసలు దారి మిర్చి యార్డు. మన కాయ ఎక్కువగా పోయేది చైనా, బంగ్లాదేశ్, శ్రీలంక, థాయిలాండ్, మలేషియా, ఇండోనేషియాకే కదా, అందుకని లండన్‌లో ఏమైందో కన్నా కొలంబోలో ఏమైందో మనకి ముఖ్యం. 2022 ఏప్రిల్ 12న శ్రీలంక విదేశీ అప్పులు కట్టడం ఆపేసింది. పన్నులు తగ్గించుకున్నారు, కోవిడ్‌తో టూరిస్టులు రాలేదు, రాత్రికి రాత్రి రసాయన ఎరువులు నిషేధించారు, డాలర్లు అయిపోయాయి. డాలర్‌కి 200 ఉన్న వాళ్ల రూపాయి 360 దాకా పోయింది. పెట్రోలుకీ మందులకీ డాలర్లు లేని దేశంలో మిరపకాయలు కొనే వ్యాపారికి బ్యాంకు ఎల్సీ (వాడి తరఫున డబ్బు కడతానని బ్యాంకు ఇచ్చే హామీ కాగితం) ఎట్టా తెరుస్తది? వాడికి కారం కావాలి, కొనే ఆశా ఉంది, కట్టడానికి డాలర్ లేదు.

కాబట్టి సరుకు ఉన్నోళ్లు కమీషన్ ఏజెంటుని అడగాల్సినవి ఇవి: ఈ లాటు ఏ దేశం ఆర్డర్‌కి పోతుంది, అక్కడి పార్టీ ఎల్సీ ఇచ్చాడా లేక నమ్మకం మీద అరువా, మన డబ్బు ఎన్నాళ్లకి. తేజ రకం మిర్చి అయితే చైనా సంగతి విడిగా అడగండి. ఆయన విసుక్కుంటాడు, పర్లేదు అడగండి. తర్వాత ఇంటికెళ్లి కోల్డ్ స్టోరేజీ బాండు (సరుకు దాచినట్టు ఇచ్చిన రసీదు) తీసి చూడండి, ఎన్ని టిక్కీలు (బస్తాలు), దాని మీద ఎంత లోను తీస్కున్నారు, ఏ తేదీకి కట్టాలి. రేటు పడితే బ్యాంకోళ్లు మిగతా డబ్బు కట్టమని అడగొచ్చు, అప్పుడు మంచి రేటు వచ్చేదాకా ఆగే అవకాశం మన చేతిలో ఉండదు. వాయిదా తేదీకి ముందే కొంత అమ్మి లోను తేలిక చేసుకున్నోళ్లే మిగతాది ధైర్యంగా ఆపుకోగలరు.

పిల్లలు అమెరికాలో ఉన్నవాళ్ల దారి వేరు. 2013 మేలో డాలర్ 55 చిల్లర, ఆగస్టు చివర్లో 68 దాటింది. 20 వేల డాలర్ల ఫీజు 11 లక్షల నుంచి 13 లక్షల 60 వేలైంది. ఫీజు కట్టేవాళ్లకి దెబ్బ, అక్కడ జీతం తీస్కుని ఇక్కడ లోను కట్టేవాళ్లకి పండగ, ఉద్యోగం పోతే మాత్రం ఆ పండగ లేదు. హెచ్‌వన్ వీసా మీద ఉంటే 60 రోజుల్లో ఇంకో ఉద్యోగం చూస్కోవాలి, కాబట్టి అలాంటి ఏడాది అబ్బాయి పంపే డబ్బు నమ్ముకుని అమరావతి వైపు ప్లాటుకి అడ్వాన్స్ ఇవ్వకండి.

బ్యాంకు సంగతికొస్తే, 2020 ఫిబ్రవరి నుంచి ఒక మనిషికి ఒక బ్యాంకులో వడ్డీతో కలిపి 5 లక్షలదాకా ఇన్సూరెన్స్ ఉంది, ఆ బ్యాంకు బ్రాంచీలన్నీ కలిపి లెక్క, కోఆపరేటివ్ బ్యాంకులక్కూడా. ఎక్కువుంటే వేరే బ్యాంకులో పెట్టండి, బీరువాలో కాదు. 2020 మార్చిలో యస్ బ్యాంకులో 50 వేలకి మించి తీయనివ్వకపోతే, ఒక్క బ్యాంకే ఉన్నోళ్లు ఆ రెండు వారాలూ నెలసరి ఖర్చులకి ఇబ్బందిపడ్డారు. రెండో ఖాతా ఉంటే సరిపోయేది.

బంగారం తర్వాత పెరగొచ్చు గానీ గొడవ మొదలైనరోజు పరిగెత్తి కొనక్కర్లేదు, 2008 అక్టోబర్లో, 2020 మార్చిలో అంతర్జాతీయ మార్కెట్లో అది కూడా ముందు పడింది, నగదు కావాల్సినోళ్లు దాన్నే అమ్ముకున్నారు.

చీటీలకీ, నగల షాపు స్కీములకీ పైన చెప్పిన ఇన్సూరెన్స్ లేదు. చీటీ ముందే పాడుకున్నోళ్లు అప్పు తీస్కున్నట్టు, ఆఖరిదాకా ఆగేవాళ్లు అప్పిచ్చినట్టు. రిజిస్ట్రేషన్ కాగితం చూపించమంటే నసిగే ఆయన దగ్గర ఆఖరి పాటకి ఆగకండి.