తాతమ్మ గురించి రాయాలంటే

మా కోడలి అమ్మమ్మ కిందటి మార్చిలో పోయారు. ఆవిడ టస్కరోరా మనిషి, అమెరికా మూలవాసుల్లో అదొక జాతి. న్యూయార్క్ రాష్ట్రంలో నయాగరా జలపాతానికి దగ్గర్లో, లూయిస్టన్ పక్కన వాళ్ళ నేల. మా మనవలకి తాతమ్మ. తెనాలిలో ఉన్న మా వాళ్ళకి ఆవిడెవరో తెలిసేలా తెలుగులో రాసిపెట్టమని కోడలు అడిగింది. నేను మొదట రాసింది ఇదీ: "ఎంతో మంచి మనిషి, అందరికీ తలలో నాలుకలా మెలిగారు, సేవాభావం మెండు." కోడలు అర్థం చెప్పించుకుని విని, "ఈవిడెవరో నాకు తెలీదు అత్తయ్యా" అంది. నిజమే, ఆ మాటలు ఏ ఇంటి పెద్దావిడకైనా సరిపోతాయి. రెండోసారి ఎలా రాశానో, ఇలాంటి పని మీద పడిన వాళ్ళ కోసం చెప్తున్నాను.

ముందు చుట్టరికం సరిగ్గా రాయండి. తెలుగులో అమ్మమ్మా, నానమ్మా అన్నది ఎలాగూ తేల్చాలి. టస్కరోరాల దగ్గర అది ఇంకా ముఖ్యం, ఎందుకంటే వాళ్ళకి క్లాన్, అంటే ఒకే మూలం నుంచి వచ్చామనుకునే కుటుంబాల గుంపు, తల్లి నుంచి వస్తుంది. మా అబ్బాయి గోత్రం ఏదైనా, మనవరాలు మాత్రం తాతమ్మలాగే తాబేలు క్లాన్. అందుకే ఆ మాటని గోత్రం అని మార్చకండి. మనకి గోత్రం తండ్రి వైపు నుంచి కాబట్టి చదివేవాళ్ళు తిరగేసి అర్థం చేసుకుంటారు. క్లాన్ అనే ఉంచి, తల్లి వైపు నుంచి వస్తుందని ఒక్క ముక్క కలపండి చాలు.

మూలవాసుల నేలని అమెరికాలో రిజర్వేషన్ అంటారు, ఆ మాటతోనూ ఇదే ఇబ్బంది. మనవాళ్ళకి రైలు టికెట్టో, ఉద్యోగాల కోటానో గుర్తొస్తుంది. నేను "టస్కరోరాల సొంత నేల" అని రాశాను. రెడ్ ఇండియన్ అని మాత్రం ఎక్కడా రాయొద్దు. వాళ్ళకో పేరుంది, ఆ పేరుతోనే పిలవాలి.

ఇక మనిషి గురించి. ఇది వాళ్ళనీ వీళ్ళనీ అడిగితేనే వస్తుంది. అడగడానికి మంచి సమయం కూడా ఉంది. టస్కరోరాలతో సహా ఆరు జాతుల సమాఖ్య హౌడెనోషోనీ. వాళ్ళలో చాలా ఇళ్ళలో మనిషి పోయాక పదో రోజున భోజనం పెట్టి, ఆ మనిషి వస్తువులు పంచుతారు. ఆ సంగతి విన్నప్పుడు మా నాన్న పదో రోజు గుర్తొచ్చి నా కళ్ళు చెమర్చాయి. ఆ రోజు జనం వాళ్ళంతట వాళ్ళే మాట్లాడతారు. ఫోన్‌లో రికార్డు చెయ్యకండి, విని ఇంటికొచ్చి రాసుకోండి. "ఎలాంటి మనిషి?" అని అడిగితే "చాలా మంచిది" అంటారు, అక్కడితో ఆగిపోతుంది. "మిమ్మల్ని ఎప్పుడు తిట్టారు?" అని అడగండి.

నేను అలా అడిగాకే ఆవిడ కనిపించారు. లాక్రోస్ (చివర వల ఉన్న కర్రలతో ఆడే బంతాట) ఆటలో రిఫరీ తప్పు చేస్తే లేచి నిలబడి అరిచేవారట, అవతలి జట్టుకి అన్యాయం జరిగినా సరే. డయాలసిస్‌కి వెళ్ళే ముసలాయన్ని వారానికి మూడు రోజులు తన కారులో దింపేవారు. దారిలో ఆయన డాక్టర్ మాట వినడం లేదని పోట్లాడేవారు. వాలంటీర్ ఫైర్ కంపెనీకి, అంటే ఊరివాళ్ళే నడిపే అగ్నిమాపక దళానికి, డబ్బు పోగెయ్యడానికి వండాల్సి వస్తే వంటగది ఆవిడది. గరిటె ఎవరినీ ముట్టుకోనిచ్చేవారు కాదు.

ఒక్క పనిని మాత్రం తీరిగ్గా, దగ్గర నుంచి చూసినట్టు రాయండి. నేను మొక్కజొన్న సూపు తీసుకున్నాను. ఎండిన తెల్ల మొక్కజొన్న గింజల్ని గట్టి కట్టెల బూడిద కలిపిన నీళ్ళలో మరిగిస్తారు. నీళ్ళు పసుపెక్కి గింజలు నారింజ రంగుకి తిరుగుతాయి. ఆవిడ గరిటెతో ఒక గింజ తీసి బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య నలిపేవారు. పైపొట్టు జారి, గింజ మొదలు దగ్గరున్న నల్లటి ముక్కు ఊడి వచ్చిందా, దించడమే. రాకపోతే, "ఇంకా" అని ఒక్క మాట. తర్వాత ఆ గింజల్ని అల్లిన బుట్టలో వేసి, మన ఇళ్ళలో పొట్టు మినప్పప్పు కడిగినట్టే, నీళ్ళు తేటగా వచ్చేదాకా రుద్ది రుద్ది కడిగేవారు. ఆపైన ఎర్ర రాజ్మా, ఉప్పు పట్టించిన పంది మాంసం వేసి మళ్ళీ ఉడకబెట్టాలి. ఆ వేళ్ళ గురించి రాసిన పేరా చదివించుకుని కోడలు ఏడ్చింది.

చరిత్ర ఎంత పెట్టాలి? ఆవిడ బతుకుని తాకినంత. టస్కరోరాలు నార్త్ కరొలైనాలో 1711లో మొదలైన యుద్ధంలో నేల పోగొట్టుకుని ఉత్తరానికి వచ్చి, 1722 ప్రాంతంలో ఆ సమాఖ్యలో ఆరో జాతిగా చేరారు. దానికి నేను ఒక్క వాక్యమే ఇచ్చాను. వాళ్ళ నేల మీద జలవిద్యుత్ రిజర్వాయర్ కట్టిన గొడవకి ఒక పేరా ఇచ్చాను. 1958లో సర్వేయర్లు పోలీసులతో వచ్చినప్పుడు ఆవిడకి పదేళ్ళు. బళ్ళకి అడ్డంగా పెద్దవాళ్ళు నేలమీద పడుకుంటే వాళ్ళమ్మ పక్కన నిలబడి చూశారు. 1960లో అమెరికా సుప్రీంకోర్టు టస్కరోరాలకి వ్యతిరేకంగా తీర్పిచ్చింది, దాదాపు 550 ఎకరాలు నీళ్ళ కిందికి వెళ్ళాయి. మా మనవడు లైట్ ఆర్పకుండా వస్తే, "ఆ కరెంటు ఎక్కణ్ణుంచి వచ్చిందో తెలుసా?" అని ఆవిడ ఎందుకు కసిరేవారో ఆ పేరా చదివితేనే మా వాళ్ళకి తెలుస్తుంది.

వదిలెయ్యాల్సినవీ ఉన్నాయి. కర్మ జరిగేటప్పుడు పెద్దలు చెప్పే మాటలు మనం రాసేవి కావు, ఫొటోలు కూడా వద్దు. పూసల పని గురించి రాయొచ్చు. వెల్వెట్ మీద పూసల్ని ఉబ్బెత్తుగా నిలిచేలా కుట్టడం వాళ్ళకి పేరు తెచ్చిన విద్య. ఆవిడ కుట్టిన పిన్‌కుషన్ (సూదులు గుచ్చే చిన్న దిండు) మా ఇంట్లో ఉంది, దాని ఫొటో కూడా పెట్టాను. అదీ వియ్యపురాలిని అడిగాకే.

రాయడం అయ్యాక కూతుళ్ళకి గట్టిగా చదివి వినిపించండి. వాళ్ళు కొట్టెయ్యమన్నది మారుమాట లేకుండా కొట్టెయ్యండి. నా దాంట్లో వియ్యపురాలు ఒక జబ్బు పేరు తీసేయించి, రిఫరీ సంగతి ఇంకో రెండు వాక్యాలు పెంచమంది.

తెనాలికి ఫోన్ చేసి చదివితే మా అక్క చివరిదాకా విని, "ఆ నల్ల ముక్కు ఊడాలంటే ఎంతసేపు ఉడకాలే?" అంది. అది నేను అడగలేదు. మర్నాడు కోడల్ని అడిగి, ఆ పేరాలోనే రాశాను.