పాత ఫోర్ బై ఫోర్ కొనడం ఎలా? 4వ పాఠం: “ఎంత ఇస్తుంది?”

ఫోర్ బై ఫోర్ అంటే నాలుగు చక్రాలకూ ఇంజిన్ శక్తి అందగల బండి. పోయిన పాఠంలో ఆర్సీ, ఎన్‌వోసీ, ఛాసిస్ నంబరు చూసుకోవడం అయింది. కాగితాలు సరిగ్గా ఉన్న బండ్లు రెండో మూడో మీ లిస్టులో మిగిలి ఉంటాయి. ఈసారి వాటి తిండి సంగతి, అంటే మైలేజీ చూద్దాం.

మనవాళ్లు ఏ బండి చూసినా మొదట అడిగేది “ఎంత ఇస్తుంది?” అనే. అమ్మేవాడికి ఈ ప్రశ్న వస్తుందని తెలుసు కాబట్టి జవాబు జేబులో పెట్టుకునే ఉంటాడు. “సిటీలో పన్నెండు, హైవేలో పదిహేను సార్, కళ్లు మూసుకుని.” మా బెంగళూరులో మారతహళ్లిలో అడిగినా హెబ్బాళలో అడిగినా, బండి ఏదైనా, నాకు ఇవే అంకెలు వినిపించాయి. అందుకని ఈ పాఠంలో ఆ ప్రశ్న అడగడం మానేసి, జవాబును బండి దగ్గరే రాబట్టడం నేర్చుకుందాం.

నేను నేర్చుకున్నది దెబ్బ తిని. ఎనిమిదేళ్ల కిందట ఒక డీలర్ దగ్గర పాత డీజిల్ ఫోర్ బై ఫోర్ కొన్నాను. లీటరుకు 13 గ్యారంటీ అన్నాడు. మొదటి శనివారమే బావమరిదిని ఎక్కించుకుని హొసకోటె, చింతామణి మీదుగా మదనపల్లెకు బయల్దేరాను. చింతామణిలో టీకి ఆగితే ఏదో కాలిన వాసన వచ్చింది. పక్కన లారీ ఉంది, దాని క్లచ్ అనుకున్నాను. మర్నాడు తిరిగొచ్చి, బయల్దేరిన బంకులోనే మళ్లీ ట్యాంకు నింపితే 246 కిలోమీటర్లకు 29 లీటర్లు పట్టింది. అంటే లీటరుకు ఎనిమిదిన్నర. “బండి కొన్నావా, బంకు కొన్నావా బావా?” అన్నాడు వాడు. ఆ మాట ఇప్పటికీ పెళ్లిళ్లలో వినిపిస్తూనే ఉంటుంది. ఆ వాసన లారీది కాదని సోమవారం మెకానిక్ చెప్పాడు. వెనక ఎడమ చక్రం బ్రేకు పట్టేసి ఉంది. దాన్ని బాగు చేయించాక అదే దారిలో 10.8 వచ్చింది. ఇంజిన్‌ను ముట్టుకున్నది లేదు.

ముందు చిన్న లెక్క నేర్చుకోవాలి. ఈ పాఠంలో అన్నిటికంటే పనికొచ్చేది ఇదే. లీటరుకు 8 ఇచ్చే బండి ఒకటి, 10 ఇచ్చేది ఒకటి, తేడా 2. లీటరుకు 14, 16 ఇచ్చేవి ఇంకో రెండు, ఇక్కడా తేడా 2. ఆదా కూడా సమానమే అనిపిస్తుంది. ఇప్పుడు తిరగేసి, 100 కిలోమీటర్లకు ఎన్ని లీటర్లో చూడండి. 8 ఇచ్చేది పన్నెండున్నర లీటర్లు తాగుతుంది, 10 ఇచ్చేది 10. తేడా రెండున్నర లీటర్లు. 14 ఇచ్చేది 7.1, 16 ఇచ్చేది 6.3. తేడా లీటరు కూడా లేదు. ఫోర్ బై ఫోర్లు ఉండేది ఎక్కువగా ఆ కింది మెట్ల మీదే. అక్కడ ఒక్కో కిలోమీటరు తేడాకు జేబుకు పడే చిల్లు పెద్దది. అందుకే మైలేజీ గురించి చిన్న కారు కొనేవాళ్లకంటే మనమే ఎక్కువ టెన్షన్ పడాలి, కానీ సరైన చోట పడాలి. ఇకనుంచి మీ నోట్‌బుక్‌లో లీటరుకు ఎన్ని కిలోమీటర్లని కాకుండా, 100 కిలోమీటర్లకు ఎన్ని లీటర్లని రాసుకోండి.

ఈ బండ్లు ఎక్కువ ఎందుకు తాగుతాయంటే మొదటి కారణం బరువు. ముందు చక్రాలకూ శక్తి పంపడానికి ట్రాన్స్‌ఫర్ కేసు (శక్తిని ముందుకూ వెనకకూ పంచే గేరు పెట్టె), ఇంకో షాఫ్టు, ఇంకో డిఫరెన్షియల్ (ఎడమ, కుడి చక్రాలకు శక్తి పంచే గేర్లు) మోయాలి. బండి ఎత్తు, ముఖం గోడలా ఉంటుంది, గాలిని తోసుకుంటూ పోవాలి. టైర్లు వెడల్పు. వీటితో చేయగలిగిందేమీ లేదు. మీరు ఎంచుకోగలిగేది నాలుగు చక్రాలూ ఎప్పుడు లాగాలన్నది.

థార్, జిమ్నీ, పాత జిప్సీ లాంటివి పార్ట్ టైమ్ రకం. మామూలుగా వెనక చక్రాలే లాగుతాయి, అవసరమైనప్పుడు లివర్ వేస్తే ముందువీ కలుస్తాయి. డస్టర్ ఆల్ వీల్ డ్రైవ్‌ది ఇంకో పద్ధతి. మామూలుగా ముందు చక్రాలతో నడుస్తూ, జారుతున్నట్టు తెలిస్తే వెనకకూ తానే శక్తి పంపుతుంది. 2009లో మన దేశానికి వచ్చిన మొదటి తరం ఫార్చ్యూనర్ 3 లీటర్ల ఇంజిన్ బండి ఫుల్ టైమ్ రకం, నాలుగు చక్రాలూ ఎప్పుడూ పనిలోనే ఉంటాయి. వానలో హాయిగా ఉంటుంది, డీజిల్ దగ్గర మాత్రం మొహమాటం లేదు. వారంలో ఐదు రోజులు అవుటర్ రింగ్ రోడ్డు మీదే ఉండేవాళ్లకు మొదటి రెండు రకాలే నయమని నా అభిప్రాయం.

పార్ట్ టైమ్ బండిలో ఒక పరీక్ష తప్పకుండా చేయండి. అమ్మేవాడు హుషారుగా తారు రోడ్డు మీదే ఫోర్ హై (లివర్‌ను నాలుగు చక్రాలూ లాగే చోట పెట్టడం) వేసి చూపిస్తాడు. వద్దనండి. మలుపులో ముందు చక్రాలు వెనక వాటికంటే ఎక్కువ దూరం తిరగాలి. ఫోర్ హైలో ముందు, వెనక షాఫ్టులు ఒకే వేగానికి కట్టేసి ఉంటాయి. మట్టిలో అయితే టైరు కాస్త జారి సర్దుకుంటుంది, పొడి తారు మీద ఆ వీలుండదు. టైర్లు అరుగుతాయి, గేర్ల మీద ఒత్తిడి పడుతుంది, ఇంధనం దండగ. దీన్నే మనం పరీక్షగా వాడుకోవచ్చు. ఖాళీ మైదానంలో లివర్‌ను టూ హైలో, అంటే వెనక చక్రాలే లాగే చోట పెట్టి, స్టీరింగ్ పూర్తిగా తిప్పి, నడక వేగంతో గుండ్రంగా తిప్పండి. బండి తేలిగ్గా తిరగాలి. ఎవరో వెనక నుంచి పట్టుకుని లాగుతున్నట్టు కుంటుతూ తిరిగితే, లివర్ టూ హైలో ఉన్నా లోపల ఫోర్ విడిపోలేదని అనుమానించాలి. అలాంటి బండి రోజూ మీ డబ్బు తాగుతూనే ఉంటుంది.

ఇప్పుడు కంపెనీ అంకెల సంగతి. జిమ్నీ మాన్యువల్‌కు ఏఆర్‌ఏఐ (మన దేశంలో బండ్లను పరీక్షించే సంస్థ) మైలేజీ లీటరుకు 16.94, ఆటోమేటిక్‌కు 16.39. అబద్ధం కాదు. కానీ ఆ పరీక్షను ల్యాబులో రోలర్ల మీద, ఏసీ ఆపేసి, గంటకు 90 కిలోమీటర్లు దాటకుండా, రాసిపెట్టిన వరుస ప్రకారం చేస్తారు. ఆ వరుసలో ట్రాఫిక్ జాములకు పేరుపడ్డ మా సిల్క్ బోర్డ్ జంక్షన్ లేదు. రెండు బండ్లను పక్కపక్కన పోల్చడానికి ఆ అంకె పనికొస్తుంది. మీ నెల ఖర్చుకు పనికిరాదు. ఊరి లోపలి వాడకానికి నేను అందులో మూడింట రెండు వంతులే లెక్కేసుకుంటాను.

ఉన్న బండి ఎంత తాగుతుందో కనిపెట్టడానికి ఫుల్ టు ఫుల్ పద్ధతిని మించింది లేదు. ట్యాంకు నింపించండి, నాజిల్ దానంతట అది ఆగగానే చాలనండి. బంకు కుర్రాడు అలవాటుగా ఇంకో రెండు నొక్కులు నొక్కబోతాడు, ఆపండి. ట్రిప్ మీటర్ సున్నా చేసి, తిరిగి, అదే బంకులో అదే నాజిల్ దగ్గర మళ్లీ నింపండి. నాజిల్ ఆగడంలో అర లీటరు అటూఇటూ అవుతుంది. 50 కిలోమీటర్లు తిరిగి 5 లీటర్లు పోయిస్తే ఆ అర లీటరే 10 శాతం తప్పు. అందుకే 100 కిలోమీటర్లకు తగ్గితే ఆ లెక్క నమ్మకండి. అనంతపురం వైపు వెళ్లేవాళ్లకు బాగేపల్లి బాగా కుదురుతుంది. ఆంధ్రలో రేటు ఎక్కువని ఎలాగూ సరిహద్దుకు ముందే ట్యాంకు నింపుకుంటాం కదా, తిరిగొచ్చేటప్పుడు అదే బంకులో ఆగితే సరి.

కొనకముందే 100 కిలోమీటర్లు తిరగనిచ్చే అమ్మకందారు దొరకడం కష్టమే. పెట్రోలు నాదే అంటే సగంమంది ఒప్పుకుంటారు. ఒప్పుకోకపోతే అరగంట టెస్ట్ డ్రైవ్‌తో సరిపెట్టుకుని ఈ పని చేయండి. బ్రేకు తక్కువగా వాడుతూ నడిపి, దిగగానే నాలుగు చక్రాల దగ్గరా అరచేయి దగ్గరగా పెట్టి చూడండి, తాకొద్దు. మూడు గోరువెచ్చగా, ఒకటి పొయ్యిలా ఉంటే అక్కడ బ్రేకు పట్టేసింది. నేను చింతామణిలో చేయాల్సిన పని ఇది. తర్వాత చదునైన చోట న్యూట్రల్‌లో పెట్టి ఇద్దరు కలిసి తోయండి. బరువైన బండే అయినా, ఒకసారి కదిలాక సాగిపోవాలి. వదలగానే టక్కున ఆగితే మంచిది కాదు. టెంపరేచర్ ముల్లు కూడా గమనించండి. పది పదిహేను నిమిషాల తర్వాత కూడా కిందే ఉంటే థర్మోస్టాట్ (ఇంజిన్ వేడిని అదుపు చేసే వాల్వు) తెరుచుకుని ఉండిపోయి ఉండొచ్చు. ఇంజిన్ వేడెక్కకపోతే ఎక్కువ తాగుతుంది. బాగు చేయించడం పెద్ద ఖర్చేమీ కాదు, కానీ బేరానికి పనికొస్తుంది.

టైర్ల దగ్గర మాత్రం కాస్త ఆగాలి. డ్రైవర్ డోరు దగ్గరి స్టిక్కర్ మీద కంపెనీ సైజు ఉంటుంది, టైరు పక్కన రాసి ఉన్నదానితో పోల్చండి. ఈ బండ్ల ముందు యజమానులకు పెద్ద టైర్ల పిచ్చి ఎక్కువ. స్టిక్కర్ మీద 235/70 ఆర్16 ఉండి, చక్రాలకు 245/75 ఆర్16 ఉందనుకోండి. మొదటి అంకె టైరు వెడల్పు మిల్లీమీటర్లలో, రెండోది ఆ వెడల్పులో టైరు పక్క గోడ ఎత్తు ఎంత శాతమో, చివరిది రిమ్ము సైజు అంగుళాల్లో. రిమ్ముకు పైనా కిందా పక్క గోడలు కలిపితే టైరు ఎత్తు. టైరు ఎత్తు 735 మిల్లీమీటర్ల నుంచి 774కు పెరిగింది, అంటే 5 శాతం. మీటరు 100 చూపిస్తే బండి తిరిగింది 105. కాబట్టి మీ ఫుల్ టు ఫుల్ లెక్కలో 10 వస్తే నిజానికది పదిన్నర. సంతోషించేలోపు ఇంకో మాట. పెద్ద టైర్లు వేసినప్పటి నుంచి ఓడోమీటర్ తిరిగినదానికంటే తక్కువ చూపిస్తున్నట్టే. పైగా మట్టి రోడ్ల కోసం చేసిన లోతు గాడుల టైర్లయితే తారు మీద ఈడుస్తాయి. పైన లగేజీ క్యారియర్ ఉంటే హైవేలో అదీ తన వంతు తింటుంది. అది విప్పేస్తే పోతుంది, టైర్లకు మాత్రం డబ్బు పెట్టాలి.

డీజిల్ బండి 2020 ఏప్రిల్ తర్వాతిది, అంటే బీఎస్-6 కాలుష్య నిబంధనలది అయితే, ఇంకో ప్రశ్న అడగాలి. దాని పొగగొట్టంలో మసిని పట్టే డీపీఎఫ్ ఉంటుంది. మసి నిండినప్పుడు దాన్ని కాల్చడానికి ఇంజిన్ అదనంగా డీజిల్ చిమ్ముకుంటుంది. హైవేలో కాసేపు ఒకే ఊపున పోతే ఆ పని పూర్తవుతుంది. బెళ్లందూరు నుంచి సిల్క్ బోర్డ్ దాకా పాక్కుంటూ వెళ్లి ఆపేస్తే సగంలో ఆగిపోయి, మళ్లీ మొదలవుతుంది, మళ్లీ డీజిల్. కాబట్టి “ఎన్ని కిలోమీటర్లు తిరిగింది?” కంటే “ఎక్కడ తిరిగింది?” అనేదే మంచి ప్రశ్న. పాత పెట్రోలు జిప్సీ మోజున్నవాళ్లకు వేరే చిక్కు. ఇప్పుడు బంకుల్లో వచ్చేది 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు. అలాంటి పాత కార్లలో మైలేజీ 6, 7 శాతం తగ్గొచ్చని నీతి ఆయోగ్ 2021 నివేదికే చెప్పింది.

ఇక నెల లెక్క. నెలకు 600 కిలోమీటర్లు ఊళ్లో, 400 హైవేలో తిరుగుతారనుకుందాం. లెక్క కోసం డీజిల్ 90, పెట్రోలు 103 రూపాయలు. డీజిల్ ఫోర్ బై ఫోర్ ఊళ్లో 10, హైవేలో 14 ఇస్తే సుమారు 89 లీటర్లు, దాదాపు 8,000 రూపాయలు. పెట్రోలుది 11, 15 ఇస్తే 81 లీటర్లు, 8,400 దాకా. నెలకు 400 తేడా కోసం డీజిలా పెట్రోలా అని నెలల తరబడి వాదించుకునేవాళ్లను చూశాను. ఇప్పుడు అదే డీజిల్ బండిలో టూ వీల్ డ్రైవ్ రకం 12, 16 ఇస్తుందనుకోండి. 75 లీటర్లు, 6,750. తేడా నెలకు 1,200 పైనే, ఏడాదికి 15 వేలకు దగ్గర. సకలేశపుర వైపు ఏడాదికి రెండుసార్లు బురదలో దిగేవాళ్లకు ఒక్కో ట్రిప్పుకు ఏడున్నర వేలు పడుతుందన్నమాట. నేనైతే సంతోషంగా కడుతున్నాను. మా ఆవిడ ఈ పేరా చదవకపోతే చాలు.

హోంవర్క్: మీ లిస్టులోని ప్రతి బండికీ డోరు స్టిక్కర్ ఫొటో, టైరు సైజు ఫొటో తీసి, ఎత్తు తేడా ఎంత శాతమో లెక్క కట్టండి. తర్వాత మీ సొంత నెల కిలోమీటర్లతో పై లెక్క మళ్లీ వేయండి. నా 600, 400 వాడొద్దు. వచ్చే పాఠంలో బండి కింద దూరతాం. ట్రాన్స్‌ఫర్ కేసు నూనె చూడాలి, పాత చొక్కా వేసుకుని రండి.